యురేనియం గని మాట వినగానే ముందు మీ బోరు నీళ్లు పరీక్ష చేయించి పెట్టుకోండి

అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇదీ: "మాది కర్నూలు జిల్లా పత్తికొండ వైపు ఒక పల్లె. 2024లో కప్పట్రాళ్ల దగ్గర యురేనియం కోసం బోర్లు వేస్తారని పెద్ద గొడవైంది, ఆగింది. మళ్లీ వస్తారేమోనని ఊళ్లో టెన్షన్. పర్యావరణం చెడకుండా యురేనియం గని నడపడం అసలు సాధ్యమేనా? సరిగా నడిపే గని ఎలా ఉంటుంది? పరీక్ష బోర్లకే భయపడాలా? ఇప్పుడు తాగుతున్న నీళ్ల సంగతేంటి?"

ముందు సూటిగా చెప్తాను. సాధ్యమే, కానీ ఖర్చుతో కూడిన పని, గని మూసేశాక కూడా తరాల తరబడి చేయాల్సిన పని. గని బాగా నడుస్తోందా లేదా అన్నది గనిలోకి దిగి చూస్తే తెలియదు. వ్యర్థాల చెరువుకు పల్లంలో ఉన్న బోర్లలో తెలుస్తుంది. ఆ బోర్ల నీళ్లు గని రాకముందు ఎలా ఉండేవో కాగితం మీద లేకపోతే, తర్వాత మీరు చెప్పేదీ నిలబడదు, కంపెనీ చెప్పేదీ నిలబడదు. మిగతా జవాబంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

నా సంగతి రెండు ముక్కలు. ఇరవై రెండేళ్లుగా భూగర్భ జలాల పరీక్ష నా పని. కడప, అనంతపురం జిల్లాల్లో సున్నపురాయి, ముగ్గురాయి, యురేనియం గనుల చుట్టుపక్కల బోర్ల నుంచి నీళ్లు పట్టడం, ల్యాబ్‌కు పంపడం, వచ్చిన అంకెల్ని పాత అంకెల పక్కన పెట్టి చూడడం. గని ఉద్యోగిని కాను, ఉద్యమంలోనూ లేను. రెండు వైపులా తిట్లు మాత్రం తిన్నాను.

మనకు దగ్గర్లో ఉన్న ఉదాహరణ కడప జిల్లా వేముల మండలంలోని తుమ్మలపల్లె. 2007లో శంకుస్థాపన చేశారు. రోజుకు 3000 టన్నుల రాయి తీసి ఆడించేలా కట్టిన గని, మిల్లు. అక్కడ యురేనియం ఉన్నది వేంపల్లె డోలమైట్‌లో, అంటే ఒక రకం సున్నపురాయిలో. సరుకు చాలా పలచన. టన్ను రాయి ఆడిస్తే అర కిలో కూడా రాదు. అంటే తవ్విన రాయి దాదాపు మొత్తం పిండిగా మారి, నీళ్లలో కలిసి, బురదగా టెయిలింగ్ పాండ్‌కు, అంటే వ్యర్థాల చెరువుకు చేరుతుంది. మూడు వేల టన్నులు తవ్వితే మూడు వేల టన్నుల బురద అనుకోండి, పెద్ద తేడా ఉండదు.

చాలామందికి తెలియని విషయం ఇంకోటి ఉంది. యురేనియం తీసేశాక కూడా రాయిలోని రేడియోధార్మికతలో దాదాపు 85 శాతం ఆ బురదలోనే మిగిలిపోతుంది. మిల్లు యురేనియాన్ని మాత్రమే తీసుకుంటుంది. దాని సంతతి, అంటే యురేనియం విరిగి పుట్టిన మూలకాలన్నీ, థోరియం-230, రేడియం-226, వాటి నుంచి పుట్టే రాడాన్ వాయువు, వెనకే ఉండిపోతాయి. రేడియం సగానికి తగ్గడానికి 1600 ఏళ్లు పడుతుంది. దాన్ని పుట్టించే ఆ థోరియానికి 75 వేల ఏళ్లు. అందుకే నా లెక్కలో యురేనియం గని నడపడమంటే ఆ బురద చెరువును కాపలా కాయడమే. మిగతాదంతా మామూలు గని పనే.

ఇంతా చెప్పి ఇప్పుడు మీరు ఊహించని మాట ఒకటి చెప్తాను. చెరువు లీకైతే మన వైపు రైతుకు మొదట కనిపించేది రేడియేషన్ కాదు, ఉప్పు. సున్నపురాయి మీద యాసిడ్ పోస్తే యాసిడ్ అంతా రాయే తాగేస్తుంది, ఖర్చు తట్టుకోలేరు. అందుకని ఇలాంటి రాయికి క్షార పద్ధతి వాడతారు. సోడియం కార్బొనేట్, బైకార్బొనేట్ ద్రావణంలో వేడి, పీడనం పెట్టి యురేనియాన్ని కరిగిస్తారు. కాబట్టి ఆ బురద నీళ్లలో సోడియం, కార్బొనేట్, సల్ఫేట్ దండిగా ఉంటాయి. రేడియం మట్టికి అతుక్కుంటూ నిదానంగా కదులుతుంది. సోడియం, సల్ఫేట్ నీళ్లతోపాటే పరుగెత్తుతాయి. కార్బొనేట్ తోడైతే యురేనియం కూడా నీళ్లలో బాగానే కదులుతుంది.

సోడియం ఎక్కువున్న నీళ్లు పారిస్తే నేల ఏమవుతుందో రాయలసీమ రైతుకు ఎవరూ చెప్పక్కర్లేదు. పైన తెల్ల చౌడు తేలుతుంది, నేల బిగుసుకుపోతుంది, నీళ్లు ఇంకవు. అరటికి ఉప్పు అసలు పడదు. ఆకు అంచులు మాడిపోతాయి, గెల సైజు తగ్గుతుంది. తుమ్మలపల్లె పక్కనున్న కేకే కొట్టాల, మబ్బుచింతలపల్లె వైపు రైతులు ఏళ్లుగా చేస్తున్న ఫిర్యాదులు కూడా బోరు నీళ్లు, అరటి తోటల గురించే. కానీ ఒక జాగ్రత్త: పొటాష్ తక్కువైనా అరటి ఆకు అంచు మాడుతుంది. బోర్లు తోడి తోడి లోతుకు పోయినా నీళ్లలో ఉప్పు పెరుగుతుంది. ఆకు చూసి గని మీద తీర్పు చెప్పలేం. అందుకే కాగితం కావాలంటున్నాను.

ఒక తోట సంగతి చెప్తాను. ఊరి పేరు, కంపెనీ పేరు వద్దు. గనికి పల్లంలో మూడెకరాల అరటి. అరవై దాటిన పెద్దాయన. "నీళ్లు మునుపు ఇట్లుండలేదు సార్, నాలుక మీద పెడితేనే తెలుస్తాంది" అన్నాడు. గని తరఫున వచ్చినాయన "ఈ నేలలోనే ఉప్పుంది, మొదట్నుంచీ ఇంతే" అన్నాడు. ఇద్దరిలో ఎవరూ అబద్ధం చెబుతున్నట్టు నాకు అనిపించలేదు. పెద్దాయన లోపలికి పోయి, ట్రంకు పెట్టెలోంచి పాసు పుస్తకం తెచ్చి, దాని మధ్యలో మడిచి పెట్టిన కాగితం తీశాడు. డ్రిప్పు వేయించుకునేటప్పుడు నీళ్లు పరీక్ష చేయించిన రిపోర్టు. గని తవ్వకం మొదలుకాక ముందుది. మడత పడిన చోట సోడియం వరస చెరిగిపోయింది. ఈసీ అంకె, అంటే నీళ్లలో ఉప్పు ఎంతుందో చెప్పే విద్యుత్ వాహకత, మిగిలింది: 0.9. అదే తోటలో ఆ రోజు నా మీటరు చూపించింది 2.6.

"మొదట్నుంచీ ఇంతే" అన్నాయన ఆ కాగితం రెండుసార్లు చదివి, "సరే, ఎందుకు పెరిగిందో చూద్దాం" అన్నాడు. ఆ మాట రావడానికే అంతకుముందు రెండేళ్లు పట్టింది.

కథ అక్కడితో సుఖాంతం కాలేదు. తర్వాత తేలిందేమంటే, మధ్యలో పాత బోరు ఎండిపోతే పక్కనే కొత్త బోరు వేయించారు, లోతు మూడింతలు. లోతు నీళ్లలో సహజంగానే ఉప్పు ఎక్కువుండొచ్చు కదా అన్నారు. పాత రిపోర్టులో సల్ఫేట్ చూడలేదు. చూసి ఉంటే అది మిల్లు నీళ్ల ఛాయా, భూమి ఛాయా అన్నది చాలావరకు తేలేది. చివరికి తోటకూ చెరువుకూ మధ్య ఒక పరిశీలన బోరు వేయడానికి ఒప్పుకున్నారు, అంతే. అప్పటి నుంచి నేను ఎవరి బోరు రాసుకున్నా లోతు, కేసింగ్ (బోరులో దింపిన పైపు) ఎన్ని అడుగులు, ఎప్పుడు వేశారు, ఈ మూడూ రాయకుండా సీసా మూత బిగించను.

మరి సరిగా నడిపే గని ఏం చేస్తుంది?

తవ్వకానికి ముందే చుట్టూ ఉన్న బోర్లు, బావులు, వంకలు, మట్టి, గడ్డి, పాలు, గాలిలో రాడాన్, అన్నింటి లెక్కా రాసి పెడుతుంది. మన దేశంలో పర్యావరణ నివేదికకు మామూలుగా ఒక సీజన్, అంటే మూడు నెలల లెక్క తీస్తారు. రాయలసీమకు అది చాలదని నా గట్టి అభిప్రాయం. మే నెలలో బోరు నీళ్లకూ, వానలు పోయాక డిసెంబరులో నీళ్లకూ పొంతన ఉండదు. కనీసం రెండేళ్లు, ఏడాదికి రెండుసార్లు చూడాలి.

రెండోది చెరువు స్థలం, అడుగు. పగుళ్లున్న సున్నపురాయి మీద చెరువు కట్టి, కింద పలచటి మట్టి పొర వేస్తే జల్లెడలో నీళ్లు పోసినట్టే. బాగా తొక్కించిన బంకమట్టి, దానిపై మందపాటి ప్లాస్టిక్ షీటు, రెండింటి మధ్య లీకు పట్టే ఏర్పాటు, చుట్టూ పరిశీలన బోర్లు ఉండాలి. షీటు వేశారా అని అడిగితే ఎవరైనా "వేశాం" అనే అంటారు. మీరు అడగాల్సింది అతుకుల పరీక్ష రిపోర్టు. షీటు మధ్యలో చినిగేది తక్కువ. ఎక్కువగా అతుకుల దగ్గర, గట్టు మలుపుల దగ్గర విడుతుంది.

మూడోది గట్టు. 1979 జులై 16న అమెరికాలో న్యూ మెక్సికోలోని చర్చ్ రాక్ దగ్గర యురేనియం వ్యర్థాల చెరువు గట్టు తెగింది. సుమారు 35 కోట్ల లీటర్ల నీళ్లు, వెయ్యి టన్నులకు పైగా బురద ప్యూర్కో నదిలోకి పోయాయి. నవాహో తెగవాళ్లు గొర్రెలు మేపుకునే ప్రాంతం అది. గట్టుకు పగుళ్లున్నాయని అంతకుముందే తెలుసు. అంత దూరం ఎందుకు, 2021 నవంబరు 19న చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట ఎలా కొట్టుకుపోయిందో మన కళ్లారా చూశాం. ఏడాదంతా కరువు, రెండు రోజులు కుండపోత. మట్టికట్ట మీదుగా నీళ్లు దొర్లాయంటే ఇక కట్ట నిలవదు. అందుకే టెయిలింగ్ పాండ్ సగటు వానకు కట్టేది కాదు, ఊహించగల అతి పెద్ద వానకు కట్టాలి. ఎప్పుడూ పై నుంచి కొన్ని అడుగులు ఖాళీ ఉంచాలి. కొండ వాలు నీళ్లు చెరువులోకి రాకుండా చుట్టూ కాలువ తీయాలి. ఆ కాలువ పూడిపోయిందా లేదా అని మీరే పోయి చూడొచ్చు, దానికి సైంటిస్టు అక్కర్లేదు.

దుమ్ము గురించి తక్కువ మంది మాట్లాడతారు. చెరువు అంచుల్లో ఎండిన బురద సన్నటి పిండి. ఆషాఢ గాలికి లేచిందంటే పక్క చేలలోకే. తడి ఆరకుండా చూడాలి, నిండిన భాగాన్ని ఎప్పటికప్పుడు మట్టితో కప్పాలి. రాయి లారీలకు టార్పాలిన్ కట్టాలి, గేటు దాటేముందు టైర్లు కడగాలి.

గని లోపలి మనుషుల సంగతి వేరే పెద్ద విషయం. రాడాన్ పేరుకోకుండా గాలి ఆడించడమే అక్కడ ప్రాణం. ఒంటికి తగిలే రేడియేషన్‌ను మిల్లీ సీవర్ట్‌లలో కొలుస్తారు: ఉద్యోగికి ఐదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీ సీవర్ట్‌లు, బయటి జనానికి ఏడాదికి 1 మిల్లీ సీవర్ట్ అని అణుశక్తి నియంత్రణ మండలి హద్దులు.

నీటి మట్టం గురించి మాత్రం ఆగి చెప్పాలి. భూగర్భ గనిలో ఊరే నీళ్లు తోడకపోతే పని సాగదు. అలా తోడుతుంటే చుట్టూ నీటిమట్టం గిన్నెలా దిగుతుంది. వానలు అంతంతమాత్రంగా ఉండే మన దగ్గర నీళ్లు చెడిపోయేలోపే బోర్లు ఎండిపోవచ్చు. మంచి గని తోడిన నీళ్లనే మిల్లుకు వాడుకుంటుంది, చెరువులో తేరిన నీళ్లు తిరిగి మిల్లుకు తెచ్చుకుంటుంది, ఊళ్ల బోర్ల మట్టం నెలనెలా కొలిచి పంచాయతీ గోడ మీద రాస్తుంది. చివరిది నేను ఎక్కడా చూడలేదు, చూడాలని ఉంది.

వ్యర్థాల్లో ముతక ఇసుకను తిరిగి గని ఖాళీల్లో నింపడం కూడా మంచి పద్ధతి. జార్ఖండ్‌లోని జాదుగుడలో ఆ పని చేస్తున్నారు. అంతా పట్టదు, పిండి చేసిన రాయి ఉబ్బుతుంది కదా. ఎంత నింపితే చెరువు అంత చిన్నదవుతుంది. ఇక గని నుంచి వచ్చిన రాయి గానీ ఇసుక గానీ ఇంటి పునాదికీ రోడ్డుకూ ఎవరైనా ఉచితంగా ఇస్తామన్నా తీసుకోవద్దు. అమెరికాలో గ్రాండ్ జంక్షన్ అనే ఊళ్లో అలా వాడుకుని, ఇళ్లలోకి రాడాన్ వస్తుంటే తర్వాత పునాదులు తవ్వి తీయాల్సి వచ్చింది.

మూసివేత డబ్బు ఎవరి దగ్గర ఉంది? ఈ ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పలేని గనిని నేను నమ్మను. గని బతికేది ముప్పై, నలభై ఏళ్లు. అమెరికాలో యురేనియం వ్యర్థాల మీద 1978లో చేసిన చట్టం కింద వచ్చిన నిబంధనల ప్రకారం వ్యర్థాల కప్పు వీలైతే వెయ్యేళ్లు, తక్కువలో తక్కువ రెండొందల ఏళ్లు నిలిచేలా కట్టాలి. తూర్పు జర్మనీలో విస్ముట్ యురేనియం గనులు మూతపడ్డాక శుభ్రం చేయడానికి ప్రభుత్వం పెట్టిన ఖర్చు ఆరు వందల కోట్ల యూరోలు దాటింది. జనం డబ్బే అది. ఆస్ట్రేలియాలో రేంజర్ యురేనియం గని 2021 జనవరిలో ఉత్పత్తి ఆపింది, పునరుద్ధరణ ఖర్చు ముందు వేసిన అంచనాలను మించిపోయింది. అంటే బాగా నిఘా ఉన్న చోట కూడా ఈ లెక్క తప్పుతోంది. అదే రేంజర్ నుంచి నేర్చుకోదగ్గది ఇంకోటి: కాకడు అడవిని కాపాడేందుకు 1978లోనే అక్కడ ప్రభుత్వం సూపర్‌వైజింగ్ సైంటిస్ట్ అనే పదవి పెట్టింది. ఆ సైంటిస్టు గని చెప్పుచేతల్లో ఉండడు, తన నమూనాలు తనే తీస్తాడు, ఫలితాలు బయట పెడతాడు. గని తన నీళ్లు తనే పరీక్షించుకుని తనే పాస్ మార్కులు వేసుకుంటే ఊళ్లో ఎవరు నమ్ముతారు? ఫలితాలు నిజమే అయినా నమ్మరు. కంపెనీకీ అది నష్టమే.

పబ్లిక్ హియరింగ్‌లో ఇవన్నీ అడగొచ్చు కదా అంటారేమో. దాని మీద ఆధారపడకండి. 2025 సెప్టెంబరులో కేంద్ర పర్యావరణ శాఖ అణు ఖనిజాల గనులకు ప్రజాభిప్రాయ సేకరణ నుంచి మినహాయింపు ఇచ్చింది. కాబట్టి గ్రామసభ తీర్మానం, సమాచార హక్కు దరఖాస్తు, మీ చేతిలో ఉన్న నీళ్ల రిపోర్టు, ఇవే మీ ఆయుధాలు.

పరీక్ష బోర్ల గురించి. పరీక్ష బోరు వేరు, గని వేరు. భూమిలోంచి రాతి కడ్డీలు తీసి చూస్తారు, మిల్లు ఉండదు, చెరువు ఉండదు. బోరు వేసినంత మాత్రాన ఊరంతా రేడియేషన్ అన్నది నిజం కాదు. కానీ పని అయ్యాక ఆ బోరును అడుగు నుంచి పైదాకా సిమెంటు పాలతో పూడ్చాలి. పూడ్చకుండా మట్టి కప్పి పోతే, లోతున ఉన్న చెడు నీళ్లూ పైన మీరు తోడుకునే నీళ్లూ కలవడానికి దారి తెరిచినట్టే. రిగ్గు బురద గుంటకు షీటు వేయాలి, పోయేటప్పుడు ఆ బురద తీసుకుపోవాలి. ఎప్పుడైనా బోరు వేస్తే తేదీ, సర్వే నంబరు, లోతు రాసుకుని ఫోన్లో లొకేషన్‌తో ఫోటో తీసి పెట్టుకోండి. అన్నట్టు, బోర్లు వేస్తే గని వచ్చి తీరుతుందనీ లేదు.

ఇప్పుడు తాగే నీళ్లు. గని ఉన్నా లేకపోయినా ఈ పరీక్ష చేయించండి, ఎందుకంటే గని ఛాయ లేని చోట్ల కూడా రాతి నేలల బోర్లలో సహజంగా యురేనియం ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు లీటరుకు 30 మైక్రోగ్రాములు, భారతీయ ప్రమాణాల సంస్థ కూడా అదే అంకె పెట్టింది. అణుశక్తి నియంత్రణ మండలి హద్దు 60. తాగే నీళ్లలో యురేనియం వల్ల ముందు దెబ్బ తగిలేది కిడ్నీలకు, అదీ రేడియేషన్ వల్ల కన్నా లోహ విషం వల్ల.

నీళ్లు పట్టే పద్ధతి ముఖ్యం. మోటారు పదిహేను నిమిషాలు ఆడనిచ్చి, పైపు నోటి దగ్గరే పట్టాలి. సీసా అదే నీళ్లతో మూడుసార్లు కడగాలి. లోహాల పరీక్షకు ఒక సీసా వేరుగా పట్టాలి, దానికి వేసే నైట్రిక్ యాసిడ్ ల్యాబ్ వాళ్లే ఇస్తారు, మీరు ముట్టుకోవద్దు. నా మొదటి ఏడాదిలో ఒక ఊళ్లో త్రీ ఫేజ్ కరెంటు ఎప్పుడొస్తుందా అని కూర్చుని కూర్చుని, విసుగొచ్చి తొట్టిలో నీళ్లు పట్టుకొచ్చాను. ముందు రోజు వాన పడి తొట్టి సగం వాన నీళ్లే. రిపోర్టు అద్దంలా వచ్చింది. ఆ ఊరికి రెండోసారి పోతే "ఏం సార్, మా నీళ్లు గంగాజలమంట కదా" అని నవ్వారు.

ల్యాబ్‌కు ఎన్‌ఏబీఎల్ (ల్యాబ్‌ల నాణ్యతను చూసి గుర్తింపు ఇచ్చే జాతీయ సంస్థ) గుర్తింపు ఉండాలి. మామూలు తాగునీటి ప్యాకేజీలో యురేనియం ఉండదు, విడిగా అడగాలి. దానితోపాటు పీహెచ్, ఈసీ, సోడియం, సల్ఫేట్, క్లోరైడ్, బైకార్బొనేట్, నైట్రేట్, ఫ్లోరైడ్ చేయించండి. ఊరికి నాలుగు దిక్కులా నాలుగు బోర్లు, పల్లంలో ఒకటి ఎక్కువ, మేలో ఒకసారి, డిసెంబరులో ఒకసారి. ఖర్చు పదిమంది వేసుకుంటే భారం కాదు. మధ్యలో నెలనెలా చూడటానికి చిన్న టీడీఎస్ మీటరు, అంటే నీళ్లలో కరిగిన లవణాలు ఎంతున్నాయో చూపే మీటరు, చాలు. అది యురేనియాన్ని చూపించదు గానీ, ఉప్పు పెరిగితే ముందే చెప్తుంది. అంకె ఒక్కసారిగా ఎగిరిందంటే ల్యాబ్‌కు పరుగెత్తాల్సిన టైమొచ్చిందన్నమాట.

యురేనియం హద్దు దాటితే కాచి చల్లార్చినా పోదు, నీళ్లు ఇగిరి ఇంకా చిక్కబడుతుంది. ఆర్వో తీసేస్తుంది. మీ ఊళ్లో ఆర్వో ప్లాంటు ఉంటే అది వదిలేసే నీళ్లు ఎటు పోతున్నాయో ఒకసారి చూడండి. తీసేసిన ఉప్పంతా, యురేనియంతో సహా, ఆ నీళ్లలోనే ఉంటుంది. చాలా ఊళ్లలో ఆ గొట్టం పశువుల తొట్టిలోకే పెట్టి ఉంటారు.